స్నానాల నీటితో మరుగుదొడ్డి ఫ్లష్: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో చేసుకోదగిన ఏర్పాట్లు

పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని లెక్కగట్టే జాతీయ భవన నిర్మాణ నియమావళి, అందులో 45 లీటర్లను ఒక్క ఫ్లష్ కోసమే కేటాయిస్తుంది. అంటే శ్రీకాకుళంలో నాగావళి ఇసుకలోని ఊటబావుల నుంచి, విజయనగరంలో చంపావతి, గోస్తనీ నదుల నుంచి తోడి, క్లోరిన్ కలిపి, ట్యాంకులకెక్కించి ఇంటికి పంపిన తాగునీటిలో మూడో వంతు నేరుగా మరుగుదొడ్డిలోకి పోతోందన్నమాట. జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది కాబట్టి, ఆ ఇళ్ళలో ఫ్లష్ ట్యాంకు బిగిస్తే మిగిలేదేమిటో చెప్పనక్కరలేదు. అదే ఇంట్లో స్నానాల గదిలోంచి దాదాపు అంతే నీరు ప్రతి ఉదయం కాలవలోకి వెళ్ళిపోతుంది. ఆ నీటిని మరుగుదొడ్డికి మళ్ళించడం కష్టమైన పనేమీ కాదు, కానీ దాన్ని చెడగొట్టుకోవడం మాత్రం చాలా తేలిక.

చెడిపోవడానికి ప్రధాన కారణం ఎక్కువ నీరు దాచిపెట్టాలన్న ఆశే. స్నానం చేసిన నీటిలో సబ్బు, చర్మపు మురికి, నూనె, సూక్ష్మజీవులు ఉంటాయి. మూత పెట్టి ఉంచితే ఆ సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును తినేసి, ఒక రోజు దాటేసరికి కుళ్ళిన గుడ్ల వాసన పుట్టిస్తాయి. మన వేసవిలో అయితే రోజు కూడా ఆగనక్కరలేదు. అందుచేత వెయ్యి లీటర్ల ట్యాంకు కొని శుద్ధి యంత్రాలు బిగించడం కంటే, వంద లీటర్ల డ్రమ్ము పెట్టుకొని ఉదయం పట్టిన నీటిని రాత్రిలోగా ఖర్చు చేసేసి, మిగిలినదాన్ని పారబోయడమే సరైన పద్ధతి. కింద చెప్పే కొలతలు, జాగ్రత్తలు అన్నీ ఈ నియమం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏ నీరు పనికివస్తుంది

స్నానాల నీరు, చేతులు కడుక్కునే సింకు నీరు, వాషింగ్ మెషీన్‌లో జాడింపు నీరు పనికివస్తాయి. బట్టలు మొదటిసారి నానబెట్టి ఉతికిన నీటిలో మురికి, సోడా ఎక్కువగా ఉంటాయి కాబట్టి దాన్ని వదిలేసి, రెండోసారి, మూడోసారి జాడించిన నీటిని పట్టుకోవడం మేలు. వంటింటి సింకు నీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇందులో కలపకూడదు. నూనె, మెతుకులు, చేపలు కడిగిన నీరు డ్రమ్ములో చేరితే సాయంత్రానికే ఇల్లంతా తెలిసిపోతుంది. బియ్యం కడిగిన నీటికి పశువులున్న ఇంట్లో కుడితి గోలెం ఎలాగూ ఉంది, అది అక్కడికి పోవడమే న్యాయం.

స్నానాల నీటిలోనూ అన్ని రోజులవీ ఒకటి కాదు. నువ్వులనూనె పట్టించుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని తలంటుకున్న రోజు వచ్చే నీరు జిడ్డుగా ఉండి, పిండి అడుగుకు దిగి పులుస్తుంది. కుంకుడుకాయల పొట్టు ఎంత సన్నని జాలీనైనా నిమిషాల్లో మూసేస్తుంది. చంటిపిల్లల గుడ్డలు ఉతికిన నీరు, విరేచనాలతోనో చర్మవ్యాధితోనో బాధపడుతున్నవారు స్నానం చేసిన నీరు, బహిష్టు గుడ్డలు ఉతికిన నీరు, బాత్‌రూము నేలను యాసిడ్‌తో కడిగిన నీరు కూడా డ్రమ్ములోకి రాకూడదు. అందుకే ఏ ఏర్పాటు చేసుకున్నా, నీటిని ఒక్క చేతి తిప్పుతో పాత కాలవలోకి మళ్ళించే వాల్వు ఉండి తీరాలి. ఆ వాల్వు గోడ అవతల నిచ్చెన వేసుకొని తిప్పవలసిన చోట ఉంటే ఎవరూ తిప్పరు కాబట్టి, స్నానం చేసేవారి చేతికి అందే చోటే దాన్ని బిగించమని ప్లంబరుకు గట్టిగా చెప్పాలి.

ఇక లెక్క. బకెట్టు నీరు ఇరవై లీటర్లనుకుంటే, నలుగురున్న ఇంట్లో తలా ఒకటిన్నర, రెండు బకెట్ల చొప్పున 120 నుంచి 160 లీటర్ల స్నానాల నీరు వస్తుంది. ఆరు లీటర్ల ఫ్లష్ ట్యాంకును ఒక్కొక్కరు రోజుకు అయిదుసార్లు వాడితే 120 లీటర్లు కావాలి, మూడు, ఆరు లీటర్ల రెండు బొత్తాలున్న ట్యాంకైతే ఇంకా తక్కువే చాలుతుంది. పది, పన్నెండు లీటర్లు వదిలే పాత ట్యాంకు ఉన్నవారు ముందు దాని సంగతి చూసుకోవాలి. నీరు నింపి మూత బిగించిన లీటరు సీసాలను ఒకటో రెండో ట్యాంకు లోపల, వాల్వుకు అడ్డం రాకుండా ఉంచి, అప్పటికీ కుండీ శుభ్రపడుతోందో లేదో పరీక్షించుకోవచ్చు. మొత్తం మీద స్నానాల నీరు ఒక్కటే ఫ్లష్‌కు సరిపోతుంది, వాషింగ్ మెషీన్ నీరు అదనపు లాభం మాత్రమే.

ఖర్చులేని పద్ధతి

కింద కూర్చొని వాడే మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళకు పైపులూ వాల్వులూ అక్కరలేదు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టెలో నిలబడి స్నానం చేసినా, పెరట్లో స్నానాల బండ దగ్గర నీరు చేరే చోట చిన్న గోలెం కట్టుకున్నా, ఆ నీటిని బకెట్టుతో తెచ్చి పోసుకోవచ్చు. స్వచ్ఛభారత్ కాలంలో కట్టిన రెండు గుంతల మరుగుదొడ్లలో బేసిన్ ఏటవాలుగా, వాసన పైకి రాకుండా వంపులో నిలిచే నీటి ముద్ర 20 మిల్లీమీటర్లే ఉండేలా అమరుస్తారు కాబట్టి ఒకసారికి రెండు లీటర్లు చాలు. స్నానాల నీరు ఉచితమే కదా అని ప్రతిసారీ బకెట్టు నిండా పోస్తే ఆ గుంత తడి ఆరక, లోపలిది ఎరువుగా మారడం ఆలస్యమవుతుంది. పడమటి తరహా కమోడ్‌కైతే అయిదారు లీటర్ల నీటిని నడుము ఎత్తు నుంచి ఒక్కసారిగా, ధారగా గుమ్మరిస్తేనే లోపలి వంపు తన నీటిని లాక్కుపోతుంది. కొద్దికొద్దిగా పోస్తే ఎన్ని నీళ్ళు పోసినా మురికి కదలదు.

ఈ పద్ధతిలో ఒక్క ప్రమాదముంది, అది చిన్నది కాదు. మన మరుగుదొడ్లలో బకెట్టూ చెంబూ ఉండేది కడుక్కోవడానికి. అదే బకెట్టులో స్నానాల నీరు పోసి పెడితే ఇంట్లో పిల్లో, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయనో తెలియక వాడేస్తారు. అందుచేత ఫ్లష్ నీటికి వేరే రంగు బకెట్టు కేటాయించి, దానిలో చెంబు వేయకుండా, వీలైతే తలుపు అవతలే ఉంచాలి.

మేడ మీది నీరు, కింది మరుగుదొడ్డి

మేడ ఉన్న ఇంటికి అన్నిటికంటే చక్కని ఏర్పాటు ఇదే, ఎందుకంటే ఇందులో మోటారు లేదు, కరెంటు లేదు, పాడయ్యేది దాదాపు ఏమీ లేదు. పైన స్నానం చేసిన నీరు గోడ వెంట దిగే పైపులోంచి ఒక డ్రమ్ములో చేరి, అక్కడి నుంచి కింది అంతస్తు ఫ్లష్ ట్యాంకులోకి తనంత తానుగా దిగుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది, గోడ మీద కనిపించే పైపుల్లో ఏది స్నానాలది, ఏది మరుగుదొడ్డిది అన్న సంగతి. మేస్త్రీ జ్ఞాపకాన్ని నమ్మవద్దు. బకెట్టు నీటిలో నీలిమందు కలిపి పై బాత్‌రూములో గుమ్మరించి, కింద ఏ చాంబరులో నీలం నీరు వస్తోందో మూత తీసి చూడాలి. తరువాత మరుగుదొడ్డిలో పోసి మళ్ళీ చూడాలి. రెండూ ఒకే పైపులో కలుస్తున్నట్లయితే, కలవకముందే స్నానాల నీటిని విడదీయాలి. అది నేల పగలగొట్టవలసిన పనైతే, వాషింగ్ మెషీన్ నీటితోనో, సింకు నీటితోనో సరిపెట్టుకోవడం తెలివైన పని.

స్నానాల పైపును కోసి, మళ్ళింపు వాల్వు బిగించి, అక్కడి నుంచి డ్రమ్ము వరకు 50 లేదా 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపును మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో నడపాలి. డ్రమ్ము అడుగు, కింది అంతస్తు ఫ్లష్ ట్యాంకు కంటే కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి. సాధారణంగా మరుగుదొడ్డి పైకప్పు కింది సిమెంటు అటకో, మెట్ల మలుపు దగ్గరి దిమ్మో ఇందుకు పనికివస్తుంది. నిండిన డ్రమ్ము బరువు వంద కిలోలు దాటుతుంది కాబట్టి చెక్క అటక మీద, గోడకు కొట్టిన ఇనుప చట్రం మీద పెట్టే సాహసం చేయకూడదు.

డ్రమ్ముకు రంధ్రాలు పెట్టే చోటులోనే పనితనమంతా ఉంది. నురగ, నూనె పైకి తేలతాయి, మట్టి, పొట్టు అడుగుకు దిగుతాయి. అందుచేత ఫ్లష్ ట్యాంకుకు వెళ్ళే పైపును అడుగు నుంచి ఆరేడు సెంటీమీటర్ల పైన బిగించి, అన్నిటికంటే దిగువన కడిగి వదలడానికి వేరే కాక్ పెట్టాలి. పైఅంచుకు కొంచెం దిగువన, లోపలికి వచ్చే పైపు కంటే పెద్దదైన పొర్లుడు పైపును పెట్టి, దాన్ని పాత కాలవలోకి, వంపులో నీరు నిలిచి వాసనను ఆపే నహానీ ట్రాప్ మీదుగా దింపాలి. ట్రాప్ లేకుండా నేరుగా కలిపితే కాలవ వాసన, బొద్దింకలు ఆ దారినే డ్రమ్ములోకి వస్తాయి. నీరు పడే చోట, డ్రమ్ము నోటిలో, రంధ్రాలు చేసిన చిన్న బకెట్టును వేలాడదీసి, దానిలో రెండు పొరలుగా నైలాన్ దోమతెర గుడ్డ పరవాలి. వెంట్రుకలు, సబ్బు ముక్కలు, పొట్టు అక్కడే ఆగుతాయి. జాలీ మూసుకుపోయినా నీరు బకెట్టు అంచు మీదుగా డ్రమ్ములోకే పొర్లుతుంది తప్ప బాత్‌రూములోకి ఎదురెక్కదు.

ఇసుక, కంకర, బొగ్గు పొరలతో వడపోత కట్టుకోవాలా అని చాలామంది అడుగుతారు. అదే రోజు వాడేసే నీటికి అది అవసరం లేదన్నది నా అభిప్రాయం. సబ్బు జిడ్డుకు ఇసుక త్వరగా బిగుసుకుపోతుంది, కడగడం మానేస్తే ఆ పొరే కుళ్ళుతుంది. ఉద్దానంలో పీచుకు కొదవలేదు కాబట్టి కొబ్బరి పీచు వేద్దామన్న ఆలోచన కూడా వస్తుంది, కానీ పీచు నానినకొద్దీ గోధుమరంగు దిగి, కమోడ్‌కు మరక పట్టిస్తుంది.

ఫ్లష్ ట్యాంకు లోపలి వాల్వు కూడా చూసుకోవాలి. ట్యాంకులోకి నీరు వదిలే ఈ కాలపు సన్నని ఫిల్ వాల్వులు మంచి ఒత్తిడి ఉన్న శుభ్రమైన నీటికి చేసినవి. మీటరు ఎత్తు నుంచి దిగే నీటికి అవి సరిగా తెరుచుకోవు, తెరుచుకున్నా సన్నని పీచుకు మూసుకుపోతాయి. వాటిని తీసి, పెద్ద రంధ్రమున్న పాత తరహా బంతి వాల్వు బిగిస్తే, ట్యాంకు నిండడానికి కొన్ని నిమిషాలు పట్టినా నమ్మకంగా పనిచేస్తుంది.

అసలు జాగ్రత్త: మంచినీటితో ఎక్కడా కలవకూడదు

ఈ భాగాన్ని ప్లంబరు దగ్గర కూర్చొని చదివి వినిపించినా తప్పులేదు. మన ఇళ్ళలో చాలాచోట్ల కమోడ్ పక్కన రెండు దారుల యాంగిల్ కాక్ ఒకటే ఉంటుంది. దానిలో ఒక దారి ఫ్లష్ ట్యాంకుకు, రెండోది కడుక్కునే హెల్త్ ఫాసెట్‌కు వెళ్తుంది. తొందరలో ఉన్న ప్లంబరు డ్రమ్ము పైపును తెచ్చి ఆ కాక్‌కే కలిపేస్తే, ఫ్లష్‌తో పాటు కడుక్కునే నీరు కూడా ఎవరో స్నానం చేసిన నీరే అవుతుంది, పైగా ఆ సంగతి కొన్నాళ్ళ వరకు ఎవరికీ తెలియదు. ఫ్లష్ ట్యాంకుకు డ్రమ్ము నుంచి పూర్తిగా వేరే పైపు రావాలి. పాత కాక్‌లో ట్యాంకు వైపు దారిని డమ్మీతో మూసేసి, ఫాసెట్ ఒక్కటే మంచినీటి మీద ఉండాలి. పని అయ్యాక డ్రమ్ములో నీలిమందు కలిపి, ఫ్లష్‌లో నీలం వచ్చి, ఫాసెట్‌లోనూ మిగిలిన కుళాయిల్లోనూ తెల్లని నీరే వస్తోందని నిర్ధారించుకున్న తరువాతే ప్లంబరుకు డబ్బులివ్వాలి.

రెండోది, డ్రమ్ము ఖాళీ అయినప్పుడు మంచినీటితో నింపుకునే కుళాయి. దాని కొస డ్రమ్ము పైఅంచు కంటే ఎత్తున, మధ్యలో గాలి ఉండేలా, కనీసం పైపు వెడల్పుకు రెట్టింపు దూరంలో ఆగిపోవాలి. గొట్టం తగిలించి డ్రమ్ములో ముంచి ఉంచడం ఎంత సౌకర్యమో అంత ప్రమాదం. మన పట్టణాల్లో మునిసిపల్ నీరు రోజంతా రాదు, వచ్చిన ఆ కాసేపూ కుళాయికి నేరుగా మోటారు పెట్టి లాగే ఇళ్ళు వీధికి నాలుగుంటాయి. పైపులో ఒత్తిడి పడిపోయిన క్షణంలో ముంచి ఉంచిన గొట్టం డ్రమ్ములోని మురికి నీటిని వెనక్కి పీల్చి, వీధి పైపులోకి చేర్చగలదు. నీటిని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు ఉంది కదా అని ధీమా పడవద్దు, దాని మూతలో ఒక వెంట్రుక చిక్కుకుంటే చాలు.

వాడిన నీటి పైపులకు ఊదారంగు వేయడం చాలా దేశాల్లో ఆనవాయితీ. ఊదారంగు పైపు మన కొట్లలో దొరకకపోయినా, ఎనామిల్ రంగు డబ్బా తెచ్చి ప్రతి మీటరుకూ ఒక పట్టీ వేసి, డ్రమ్ము మీద ‘తాగరాదు, కడుక్కోరాదు’ అని పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. పదేళ్ళ తరువాత వచ్చే ప్లంబరుకు మీరు చెప్పే అవకాశం ఉండకపోవచ్చు.

ఒకే అంతస్తు ఇల్లైతే

స్నానాల గది, మరుగుదొడ్డి ఒకే మట్టంలో ఉన్నప్పుడు నీటిని ఎత్తక తప్పదు. నేలలో వంద, నూట యాభై లీటర్ల చిన్న తొట్టె, దానిలో మురికినీటికి పనికివచ్చే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, డాబా మీద వేరే చిన్న ట్యాంకు కావాలి. నీటి మట్టం పడిపోగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్చు పెట్టకపోతే పంపు ఎండి కాలిపోతుంది. స్విచ్చుకు, పంపుకు ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే ఈఎల్‌సీబీ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఇది తడి నేల మీద నడిచే కరెంటు. ఖర్చు, తలనొప్పి రెండూ ఎక్కువ కాబట్టి నలుగురైదుగురున్న ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయను. హాస్టళ్ళకు, కల్యాణమండపాలకు, పాఠశాలలకు మాత్రం లెక్క కుదురుతుంది.

వాసన, మందు, దోమలు

అదే రోజు వాడే నీటికి మందు అక్కరలేదు. వేసవిలో సాయంత్రానికి వాసన మొదలవుతుంటే, వంద లీటర్లకు మూడు నాలుగు గ్రాముల బ్లీచింగ్ పౌడరును, అంటే చెంచాడు కంటే తక్కువ, చెంబు నీటిలో కలిపి, పైకి తేరిన నీటిని మాత్రమే డ్రమ్ములో పోసి అరగంట ఆగాలి. అయితే బ్లీచింగ్ కలిపిన నీరున్న కమోడ్‌లో యాసిడ్ గాని, యాసిడ్‌తో చేసిన టాయిలెట్ క్లీనర్ గాని పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. యాసిడ్‌తో కడగవలసిన రోజున ముందుగా మంచినీటితో రెండుసార్లు ఫ్లష్ చేయాలి. గుంతల మరుగుదొడ్లకూ, సెప్టిక్ ట్యాంకులకూ బ్లీచింగ్ ఎంత తక్కువ వాడితే అంత మంచిది, అక్కడ మురికిని జీర్ణం చేసే సూక్ష్మజీవులను అది చంపుతుంది. సెప్టిక్ ట్యాంకు త్వరగా నిండుతుందేమో అన్న సందేహం మాత్రం అక్కరలేదు, మంచినీటికి బదులు అంతే స్నానాల నీరు పోతుంది తప్ప పరిమాణం పెరగదు.

దోమల సంగతి తేలికగా తీసుకోవద్దు. ఉత్తరాంధ్రను తరతరాలుగా పీడించిన బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురికి నీటిలోనే గుడ్లు పెడుతుంది. డ్రమ్ముకు బిగుతైన మూత, పొర్లుడు పైపు కొసకూ గాలి రంధ్రానికీ సన్నని జాలీ ఉండాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికొకసారి డ్రమ్మును పూర్తిగా వదిలి, అడుగు తోమి కడిగితే ఆ క్రమం తెగిపోతుంది. జాలీని రోజూ దులపాలి. ఫ్లష్ ట్యాంకు లోపలి జిగటను నెలకొకసారి బ్రష్షుతో తీయాలి. ఫ్లష్ చేశాక కూడా కమోడ్‌లోకి సన్నగా నీరు కారుతుంటే, రబ్బరు వాషరు కింద జిగటో, పీచో చిక్కుకున్నట్లు.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు, వలస పనులకు ఇల్లు తాళం వేసి పోయేటప్పుడు డ్రమ్ము, ఫ్లష్ ట్యాంకు రెండూ ఖాళీ చేసి, మళ్ళింపు వాల్వును కాలవ వైపు తిప్పి వెళ్ళాలి. పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం ఇళ్ళు చుట్టాలతో నిండినప్పుడు స్నానాల నీరూ పెరుగుతుంది, ఫ్లష్‌లూ పెరుగుతాయి కాబట్టి ఏర్పాటు మార్చనక్కరలేదు, కొత్తవారికి బకెట్టు సంగతి చెబితే చాలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో చాలా రోజులు కరెంటు లేక మోటార్లు తిరగలేదు. అటువంటి రోజుల్లో బోరింగు నుంచి మోసి తెచ్చిన ప్రతి బకెట్టూ రెండుసార్లు ఉపయోగపడాలంటే మోటారు అక్కరలేని డ్రమ్మే అక్కరకొస్తుంది.

డ్రమ్ము నుంచి పొర్లే మిగులు నీటిని అరటి మొక్కల పాదుకు పెట్టుకోవచ్చు, ఆకుకూరల మీద మాత్రం చల్లకూడదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గోడలు లేచే దశలోనే స్నానాల పైపును, మరుగుదొడ్డి పైపును చాంబరు వరకు విడివిడిగా దించమని, ప్రతి ఫ్లష్ ట్యాంకుకూ హెల్త్ ఫాసెట్‌తో సంబంధం లేని వేరే పైపు ఒకటి గోడలో వేసి, కొసను మూసి ఉంచమని మేస్త్రీకి చెప్పాలి. డ్రమ్ము ఇప్పుడు పెట్టకపోయినా, తరువాత పెట్టదలచుకున్న రోజున గోడ పగలగొట్టే పని ఉండదు.